శరణార్థుల దగ్గర ఇంటర్న్‌షిప్: స్టేషనా, బాలాపూరా, క్యాంపా, లండనా?

సంక్రాంతి సెలవులు అయ్యాయంటే గుంటూరులో నా ఫోన్‌కి పని పెరుగుతుంది. ఎం.ఎస్.డబ్ల్యూ., అంటే సోషల్ వర్క్ పీజీ ఆఖరి ఏడాది పిల్లలు బ్లాక్ ప్లేస్‌మెంట్ (ఒకే చోట వరసగా చేసే ఇంటర్న్‌షిప్) కోసం చోటు వెతుక్కునే రోజులవి. హాస్పిటలూ ఫ్యాక్టరీ వద్దనుకున్నవాళ్లు, "రెఫ్యూజీల దగ్గర పని చేయాలనుంది మేడమ్, ఎక్కడైతే బాగుంటుంది?" అని అడుగుతారు. మొన్న ఒకమ్మాయి ఏకంగా నాలుగు ఆప్షన్లు కాగితం మీద రాసుకొచ్చింది. విజయవాడ స్టేషన్లో ఇల్లు వదిలొచ్చిన పిల్లల దగ్గర. హైదరాబాద్ బాలాపూర్లో, మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యాల దగ్గర. తమిళనాడులో శ్రీలంక తమిళుల క్యాంపులో. లేదంటే డిగ్రీ అయ్యాక ఏడాది పాటు విదేశంలో ఏదైనా చర్చివాళ్లు నడిపే ఇంట్లో. కాఫీ చల్లారిపోయేదాకా మాట్లాడుకున్నాం. ఆ అమ్మాయికి చెప్పిందే కాస్త సర్ది ఇక్కడ రాస్తున్నాను.

నాలుగింటినీ పక్కపక్కన పెట్టే ముందు నేను రెండు ప్రశ్నలు వేస్తాను. చేరిన మూడో రోజున పక్కన కూర్చుని నీ నోట్సు చదివే మనిషి ఎవరు? నువ్వు వచ్చేశాక ఆ ఫైలు ఎవరి చేతికి వెళ్తుంది? సంస్థ ఎంత పెద్దది, సర్టిఫికెట్ మీద ఎవరి ముద్ర ఉంటుంది లాంటివన్నీ ఆ తర్వాతే. ఈ పట్టింపు నాకు ఊరికే రాలేదు.

నా సొంత ఇంటర్న్‌షిప్ ఇంకో రాష్ట్రంలో, ఒక రైల్వే స్టేషన్‌కి దగ్గర్లో, ఇల్లు వదిలొచ్చిన పిల్లల కోసం ఉన్న చిన్న హోమ్‌లో. పేరు అనవసరం. మొదటి వారంలోనే పదకొండేళ్ల పిల్లాడి ఇన్‌టేక్, అంటే వచ్చిన వెంటనే వివరాలు అడిగి రాసుకునే పని నాకు అప్పగించారు. నాకొచ్చిన హిందీ టీవీలో చూసి నేర్చుకున్నదే. ఏ ఊరు అన్నాను. "రామ్‌పూర్" అన్నాడు. రాష్ట్రం బీహార్ అన్నాడు. రాసేసుకున్నాను. మన దగ్గర కొత్తపల్లి, రామాపురం ఎన్ని ఉంటాయో అక్కడ రామ్‌పూర్‌లు అన్ని ఉంటాయని నాకు తట్టనే లేదు. నా కేస్ షీట్ ఎవరూ తెరిచి చూడలేదు. మూడు వారాలు ఉత్తరాలు తప్పు జిల్లాలకి వెళ్లాయి. చివరికి ఆ హోమ్‌లో వంట చేసే ఝార్ఖండ్ ఆవిడ రొట్టెల పిండి కలుపుతూ వాణ్ణి అడిగింది: "హాట్ కిస్ దిన్ లగ్తా హై?" మీ వైపు సంత ఏ రోజు అని. మంగళవారం అన్నాడు. సంత ఏ ఊళ్లో? నడిచి వెళ్తారా, బండి మీద వెళ్తారా? దారిలో ఏరు దాటాలా? రైలెక్కింది ఏ స్టేషన్లో? పిండి ముద్దయ్యేలోపు ఏ జిల్లాలో, ఏ సంతకి దగ్గర్లో ఉన్న రామ్‌పూరో తేలిపోయింది. ఆ ఇరవై రోజులూ ఆ పిల్లాడు అక్కడ ఉండిపోయింది నా వల్ల. చూడాల్సినవాళ్లు చూడకపోవడం వల్ల కూడా.

అందుకే భాష సంగతి ముందు తేల్చుకోమంటాను. "కొంచెం కొంచెం వచ్చు" అనే భాషతో ఆటలు ఆడించొచ్చు, అన్నం వడ్డించొచ్చు. ఒక మనిషి కథని కాగితం మీద పెట్టడానికి అది చాలదు.

ముందు మాటలు సరిచూసుకుందాం

మన పెద్దవాళ్లకి శరణార్థి అనే మాట కంటే కాందిశీకుడు అనే మాటే బాగా తెలుసు. 1942లో జపాన్ దండెత్తినప్పుడు బర్మా నుంచి తెలుగువాళ్లు అడవుల గుండా నడిచొచ్చారు. 1960లలో అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చాక మరికొందరు ఓడల మీద వచ్చారు. విశాఖ కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అనే పేరు ఇంకా వాడుకలో ఉంది. కాబట్టి ఇది మనకి బొత్తిగా కొత్త విషయం కాదు.

ఇప్పటి లెక్కలో ఆశ్రయం కోరేవాళ్లు వేరు, శరణార్థులు వేరు. మా దేశంలో ప్రాణభయం ఉంది, ఇక్కడ ఉండనివ్వండి అని దరఖాస్తు పెట్టుకుని జవాబు కోసం చూస్తున్నవాళ్లు మొదటి రకం. ఆ దరఖాస్తు ఒప్పుకున్నాక రెండో రకం. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద గానీ, 1967 ప్రోటోకాల్ మీద గానీ సంతకం చేయలేదు. శరణార్థుల కోసం విడిగా చట్టం లేదు. 1946 నాటి విదేశీయుల చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చినా ఈ సంగతిలో తేడా లేదు. శ్రీలంక తమిళులనీ టిబెటన్లనీ ప్రభుత్వమే నేరుగా చూసుకుంటుంది. మయన్మార్ నుంచీ, అఫ్గానిస్తాన్ లాంటి చోట్ల నుంచీ వచ్చినవాళ్ల దరఖాస్తులు ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ, అంటే యు.ఎన్.హెచ్.సి.ఆర్. చూస్తుంది. ఆ సంస్థ ఇచ్చే కార్డు ఒక రక్షణే గానీ చట్టం ఇచ్చిన హక్కు కాదు. ఇంటర్న్‌గా వెళ్లేవాళ్లకి ఈ ఒక్క ముక్క అర్థమైతే సగం తప్పులు తప్పుతాయి. అయితే రాజ్యాంగంలోని 21వ అధికరణం, ప్రాణానికి రక్షణ, పౌరులు కానివాళ్లకి కూడా వర్తిస్తుందని చక్మాల కేసులో (అరుణాచల్ ప్రదేశ్‌లో ఉంటున్న శరణార్థులు వాళ్లు) సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. ఇది కూడా గుర్తుంచుకోండి.

విజయవాడ స్టేషన్

విజయవాడలో, గుంటూరులో శరణార్థి శిబిరం అంటూ లేదు. "మరి స్టేషన్ పని ఇందులోకి ఎలా వస్తుంది మేడమ్?" అని ఆ అమ్మాయి అడిగింది. చేతికి దొరికినంతలో చాలా దగ్గరి పని ఇదే. ఇల్లు వదిలి, భాష తెలియని ఊళ్లో దిగి, తన గురించి నిజం చెప్పాలో వద్దో తేల్చుకోలేని మనిషితో ఎలా మాట్లాడాలో ఇక్కడ నేర్చుకోవచ్చు. పది ప్లాట్‌ఫాంల జంక్షన్. ఉత్తరాది నుంచి చెన్నై, బెంగళూరు పోయే బండ్లు ఎన్నో ఇటే వెళ్తాయి. దానాపూర్ నుంచి వచ్చే సంఘమిత్ర ఆగినప్పుడు కాసేపు నిలబడి చూడండి. ఒంటరిగా వచ్చిన పిల్లలు బోర్డు వైపు చూడరు. జనం ఎటు పోతే అటు నాలుగడుగులు వేసి, కుళాయి దగ్గర ఆగిపోతారు. చేతిలో సంచి ఉండదు, ఉన్నా అందులో ఒక చొక్కా ఉంటుంది.

డాన్ బోస్కో ఫాదర్లు, అంటే సలేషియన్లు 1989లో విజయవాడలో నవజీవన్ బాల భవన్ మొదలుపెట్టారు. వీధిలో, స్టేషన్లో ఉండే పిల్లలతో వాళ్లు చేసే పని ఊరంతటికీ తెలిసిందే. ఈ రకం పనికి చట్టం గట్టి చట్రం వేసి పెట్టింది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం దొరికిన బిడ్డని ఇరవై నాలుగు గంటల్లోపు బాలల సంక్షేమ కమిటీ ముందుకి తీసుకెళ్లాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ఉంది. అంటే మీరు రాసిన కాగితం మీ సూపర్‌వైజర్ ఒక్కరే కాదు, ఒక కమిటీ కూడా చదువుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే మంచి బడి లేదు. పైగా హాస్టల్ ఖర్చు లేదు, సాయంత్రానికి ఇంట్లో అన్నం తినొచ్చు, రిపోర్టులో తేడా వస్తే మర్నాడు వెళ్లి దిద్దుకోవచ్చు.

ఇందులో కష్టం లేకపోలేదు. పనిలో సగం ఎదురుచూపే. ఆఫీసు బెంచీ మీద కూర్చుని, ఒక తండ్రి వస్తాడో రాడో అని చూడాలి. "శాంతి, న్యాయం" అనే పెద్ద మాటలు ఊహించుకుని వచ్చినవాళ్లకి మొదటి పది రోజులు నీరసం వస్తుంది.

బాలాపూర్

ఉర్దూ ఇంట్లో మాట్లాడేవాళ్లయితే నేను స్టేషన్ కంటే ముందు దీన్నే చెప్తాను. రోహింగ్యాల మాట వేరు. కానీ హైదరాబాద్‌లో కొన్నేళ్లుగా ఉంటున్నవాళ్లు ఉర్దూ, హిందీతో నెట్టుకొస్తారు, పిల్లలైతే గడగడా మాట్లాడతారు. పాతబస్తీ అవతల బాలాపూర్ చుట్టుపక్కల అద్దె స్థలాల్లో టార్పాలిన్లు, చెక్కలతో వేసుకున్న గుడిసెలవి. మగవాళ్లు కూలికి పోతారు, చెత్త ఏరి అమ్ముకుంటారు. మత సామరస్యం కోసం పుట్టిన కోవా అనే స్వచ్ఛంద సంస్థల సమాఖ్య యు.ఎన్.హెచ్.సి.ఆర్.తో కలిసి అక్కడ పని చేసింది. ఒక మతం జెండా కింద కాకుండా అన్ని మతాలవాళ్లూ కలిసి చేసే శాంతి పని ఎలా ఉంటుందో చూడాలంటే ఆ తరహా సంస్థే సరి.

ఇక్కడ మీ నోటిని మీరే అదుపులో పెట్టుకోవాలి. "ఆధార్ ఎలాగోలా చేయిద్దాం" అని మాట వరసకి కూడా అనకూడదు. దొంగ దారిన కార్డు తీసుకుని జైలుకి పోయినవాళ్లున్నారు. ఇప్పించినవాళ్లూ పోయారు. "అమెరికా పంపిస్తారంట కదా అక్కా?" అని అడుగుతారు. ప్రపంచంలో ఉన్న శరణార్థుల్లో ఒక ఏడాదిలో మూడో దేశానికి వెళ్లగలిగేది నూటికి ఒక్కరు కూడా కాదు. మీ మొహం చూసి వాళ్లు ఆశ కట్టుకుంటారు. మీరేమో నెల రోజుల్లో బస్సెక్కి వచ్చేస్తారు. ఇక ఫోటోలు. ఒక్కటీ వద్దు. స్టేటస్‌లో పెట్టుకునే గ్రూప్ ఫోటో కూడా వద్దు. బాలాపూర్లో నవ్విన మొహం మయన్మార్లో మిగిలిపోయిన అన్నకి ముప్పు తేవొచ్చు.

తెలుగు మాత్రమే వచ్చినవాళ్లు ఇక్కడ నెల రోజులు అనువాదకుల వెనక తిరగడమే అవుతుంది. వాళ్లని నేను పంపను.

క్యాంపు

చెన్నై వెళ్లే రైల్లో సూళ్లూరుపేట, తడ దాటాక గుమ్మిడిపూండి వస్తుంది. మన సరిహద్దుకి అంత దగ్గర్లో శ్రీలంక తమిళుల క్యాంపు ఒకటి ఉందని మన విద్యార్థుల్లో చాలామందికి తెలియదు. 1983 జూలైలో శ్రీలంకలో తమిళుల మీద జరిగిన అల్లర్ల తర్వాత మొదలైన వలస అది. తమిళనాడులో అలాంటి క్యాంపులు వందకు పైగా ఉన్నాయి. 2021లో ప్రభుత్వం వాటి పేరు పునరావాస శిబిరాలని మార్చింది. అక్కడే పుట్టి, అక్కడే డిగ్రీ చదివి, ఇంకా ఏ దేశ పౌరులూ కాని యువత ఆ ఇళ్లలో ఉంది. 1987 జూలై 1 నుంచి పుట్టినవాళ్లకి ఇక్కడ పుట్టడం ఒక్కటే పౌరసత్వానికి చాలదు. 2019 పౌరసత్వ సవరణ చట్టంలో శ్రీలంక పేరు లేదు.

జె.ఆర్.ఎస్., అంటే జెస్యూట్లు అనే క్యాథలిక్ ఫాదర్ల శరణార్థుల సేవాసంస్థ ఈ క్యాంపుల్లో చాలాకాలంగా పని చేస్తోంది. 1980లో, వియత్నాం నుంచి జనం పడవల్లో పారిపోతున్న రోజుల్లో ఫాదర్ పెద్రో అరుపే దీన్ని మొదలుపెట్టారు. తోడుండడం, సేవ చేయడం, వాళ్ల పక్షాన నిలబడడం, ఈ మూడూ తమ పని అని వాళ్లు చెప్పుకుంటారు. వరసలో తోడుండడం మొదట ఉండడం నాకు నచ్చుతుంది. విజయవాడలో మన లయోలా కాలేజీ నడిపేదీ జెస్యూట్లే కాబట్టి ఉత్తరం రాయించుకోవడానికి దారి వెతకొచ్చు. సాయంత్రం ట్యూషన్లు, కుట్టు, కంప్యూటర్ క్లాసులు అని వినడానికి మామూలుగా ఉంటుంది. పదో తరగతి పిల్లకి లెక్కలు చెప్తూ, "ఇది చదివి నేనేం చేయాలి?" అనే ప్రశ్నకి తల తిప్పుకోకుండా కూర్చోవడం మామూలు సంగతి కాదు.

తమిళం రావాలి. చిత్తూరు, నెల్లూరు వైపు పిల్లలకి ఇదొక వరం. ఇంకో అడ్డంకి అనుమతి. క్యాంపులోకి ఎవరు పడితే వాళ్లు నడిచి వెళ్లలేరు. పునరావాస శాఖ కాగితం కావాలి, క్యూ బ్రాంచ్ అనే తమిళనాడు నిఘా పోలీసులు కన్నేసి ఉంచుతారు. నెల రోజుల ప్లేస్‌మెంట్ అయితే అనుమతి వచ్చేసరికి నెల అయిపోతుంది. కనీసం మూడు నెలలు ఉండగలిగితేనే దీని గురించి ఆలోచించండి.

విదేశం

ఇందులో ఆకర్షణ ఎక్కువ, అపోహలూ ఎక్కువే. 1933లో న్యూయార్క్‌లో డొరొతీ డే, పీటర్ మారిన్ మొదలుపెట్టిన క్యాథలిక్ వర్కర్ ఉద్యమం నుంచి పుట్టిన పద్ధతి ఒకటుంది. వచ్చినవాళ్లతో పాటే వాలంటీర్లూ ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే కుండలో వండుకుని తింటారు. జీతం ఉండదు. లండన్లోనూ అలాంటి ఇళ్లున్నాయి. టెక్సాస్‌లోని ఎల్ పాసోలో అనన్సియేషన్ హౌస్ 1978 నుంచి సరిహద్దు దాటొచ్చినవాళ్లకి నీడనిస్తోంది. 2024లో ఆ రాష్ట్ర అటార్నీ జనరల్ దాన్ని మూయించాలని కోర్టుకెక్కారు. న్యాయం కోసం పని అంటే తలుపు కొట్టేది ఎప్పుడూ అతిథే కాదు, కోర్టు నోటీసు కూడా అని తెలిసి వెళ్లాలి. మెనొనైట్లు అనే క్రైస్తవ శాఖవాళ్ల సేవాసంస్థ ఎం.సి.సి.కి ఐవెప్ అనే ఏడాది కార్యక్రమం ఉంది. అమెరికా, కెనడా బయటి క్రైస్తవ యువత కోసం, పద్దెనిమిది నుంచి ముప్పై ఏళ్లలోపు వాళ్లకి. కానీ అందులో మిమ్మల్ని శరణార్థుల దగ్గరే వేస్తారని లేదు. పాత సామాన్ల దుకాణంలోనూ వేయొచ్చు, వృద్ధాశ్రమంలోనూ వేయొచ్చు.

అక్కడ చేసే పని ఏమిటంటే, దుప్పట్లు ఉతకడం, బాత్రూములు కడగడం, రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తడం, డాక్టర్ దగ్గరికి తోడు వెళ్లడం. ఇంట్లో తిన్న కంచం తీయని అబ్బాయిలు ఈ వాక్యం ఇంకోసారి చదువుకోండి. బ్రిటన్‌లో ఆశ్రయం కోరేవాళ్లకి మొదటి పన్నెండు నెలలు పని చేసే వీల్లేదు, సొంతంగా వండుకునేవాళ్లకే ప్రభుత్వం ఇచ్చేది వారానికి యాభై పౌండ్ల లోపు. వాళ్లకి కాలం గడవదు. ఆ కాలాన్ని వాళ్లతో కలిసి గడపడమే మీ డ్యూటీ.

వీసా దగ్గర జాగ్రత్త. బ్రిటన్ చారిటీ వర్కర్ వీసా గరిష్ఠంగా పన్నెండు నెలలకి ఇస్తారు. లైసెన్సున్న సంస్థ స్పాన్సర్ చేయాలి, జీతం తీసుకోకూడదు. "వాలంటీర్ వీసా మీద వెళ్లి ఉద్యోగం చూసుకోవచ్చు" అని చెప్పే కన్సల్టెన్సీ గుమ్మం దిగి వచ్చేయండి. ఎలాగూ మాస్టర్స్‌కి అక్కడికి వెళ్లేవాళ్లకి తేలిక దారి ఇంకొకటుంది. లండన్ వాపింగ్‌లో జె.ఆర్.ఎస్. కేంద్రం ఉంది, చాలా ఊళ్లలో చర్చిలు, గురుద్వారాలు, మసీదులు వారానికోసారి భోజనం పెడతాయి. స్టూడెంట్ వీసా మీద వారానికి ఇరవై గంటల పరిమితిలో, ఒప్పందంతో చేసే ఉచిత పని కూడా లెక్కకొస్తుందని మాత్రం మర్చిపోవద్దు.

ప్రార్థన, డబ్బు

"చర్చి సంస్థ అంటే మతంలో కలిపేస్తారేమో" అని మా అమ్మ కూడా భయపడింది. మా నాన్న పుట్టింది గుంటూరు మిషన్‌వాళ్ల కుగ్లర్ ఆసుపత్రిలోనే కదా, మనం మారామా అని అడిగాను. ఆవిడ దగ్గర జవాబు లేదు, భయమూ పోలేదు. 1842లో అమెరికా నుంచి లూథరన్ మిషనరీ హేయర్ అయ్యగారు గుంటూరు వచ్చినప్పటి నుంచీ ఈ ఊళ్లో మిషన్ ఆసుపత్రీ, మిషన్ బడీ అందరివీ. అయినా అనుమానం తప్పు కాదు, అడిగి తేల్చుకోవాల్సిన విషయం. రెడ్‌క్రాస్ ఉద్యమం, ఇతర సంస్థలు కలిసి 1994లో రాసుకున్న ప్రవర్తనా నియమాల్లో ఒకటుంది: సాయాన్ని ఏ మత, రాజకీయ వాదం కోసమూ వాడకూడదు. మీరు చేరే సంస్థ దీన్ని ఒప్పుకుంటుందా అని మొహం మీదే అడగండి. ఉదయం ప్రార్థనకి మీరు వెళ్లడం వేరు. అన్నం కోసం వచ్చినవాడు ప్రార్థనకి కూర్చుంటేనే ప్లేటు ఇవ్వడం వేరు. రెండోది కనిపిస్తే ఆ రోజే బయటికి వచ్చేయమంటాను, ఏ మతమైనా సరే.

దేవుడి పేరే వద్దనుకునేవాళ్లకి విజయవాడలో పటమట ఉండనే ఉంది. గోరా, సరస్వతి 1940లో ముదునూరులో మొదలుపెట్టి 1947లో బెజవాడకి తెచ్చిన నాస్తిక కేంద్రం అది. ఆ కుటుంబంలోని లవణం, హేమలత స్టువర్టుపురంలో దొంగలన్న ముద్ర పడిన కుటుంబాల కోసం చేసిన పని చదివితే, న్యాయం కోసం పని చేయడానికి దేవుడు తప్పనిసరేమీ కాదని తెలుస్తుంది. ఫాదర్లతో ఈ మాటంటే నవ్వేస్తారు. వాళ్లూ వీళ్లూ ఒకే మీటింగుల్లో కలిసి కూర్చున్నవాళ్లే.

స్టైపెండ్ ఆశ పెట్టుకోవద్దు. 2020లో విదేశీ విరాళాల చట్టం సవరించాక పరిపాలన ఖర్చులకి వాడుకునే వాటా 50 శాతం నుంచి 20కి దిగింది, ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ డబ్బు ఇంకో సంస్థకి ఇవ్వడమూ కుదరదు. చిన్న సంస్థల దగ్గర ఇంటర్న్‌కి బస్సు చార్జీ ఇవ్వడమే గగనం. విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్ గడువు ఎప్పుడని అడిగితే ఎవరూ తప్పు పట్టరు. మధ్యలో అది ఆగిపోతే మీ ప్లేస్‌మెంటూ ఆగిపోతుంది.

నన్నడిగితే, నెల రోజులే ఉంటే స్టేషన్. ఉర్దూ ఉంటే బాలాపూర్. తమిళం, మూడు నెలలు ఉంటే క్యాంపు. విదేశం మాత్రం డిగ్రీ చేతికొచ్చి, ఇక్కడ ఒక చోటైనా మనుషుల్ని వదిలి రావడం ఎలా ఉంటుందో తెలిశాకే. కాలేజీ లెటర్ ఫిబ్రవరిలోనే తీసుకోండి. పిల్లల దగ్గర పనైతే పోలీస్ వెరిఫికేషన్ అడుగుతారు, దానికి ముందుగానే అప్లై చేయండి.

ఆ అమ్మాయి కాగితం మీద లండన్ని కొట్టేయలేదు. పక్కన "తర్వాత" అని రాసుకుంది. స్టేషన్ చుట్టూ గీత గీసి, "మేడమ్, భోజ్‌పురి ఎక్కడ నేర్పుతారు?" అంది. అలాంటి కోచింగ్ సెంటర్ గుంటూరులో నేనెక్కడా చూడలేదు. తుళ్లూరు వైపు బిల్డింగుల పనికి బీహార్ నుంచి వచ్చినవాళ్లున్నారు, ఆదివారం టీ కొట్టు దగ్గర దొరుకుతారు, మీ అన్నయ్యని తోడు తీసుకుని వెళ్లి కూర్చో, ముందు వాళ్ల ఊళ్లో సంత ఏ రోజో అడుగు అన్నాను.